మూడు ఊళ్ళ స్టేషన్ రోడ్డు

మన పక్క రోడ్డుకు పేరు పెట్టేది మున్సిపాలిటీ కాదు, అది ఎటు పోతుందన్నదే. తెనాలిలో రేపల్లె రోడ్డు అన్నదాన్ని పట్టుకుని పోతే, అటు కొసన ఉన్నవాళ్ళకు అదే తెనాలి రోడ్డు. దారి ఒకటే, ఎవరు ఏ చివర నిలబడి మాట్లాడుతున్నారన్నదే తేడా. ఈ పద్ధతికి లొంగని రోడ్డు ఊరికొకటి ఉంటుంది. ఊళ్ళోంచి బండి అందుకోవడానికి పరిగెత్తేవాడికీ అది స్టేషన్ రోడ్డే, బండి దిగి సంచీ భుజాన వేసుకుని ఊళ్ళోకి నడిచేవాడికీ స్టేషన్ రోడ్డే. న్యాయంగా రెండోవాడికి అది ఊరి రోడ్డు కావాలి. ఎవరూ అలా అనరు.

తెనాలిలో దిగినా, బాపట్లలో దిగినా, రేపల్లెలో దిగినా బయటికొచ్చి కాలు మోపేది ఈ పేరు మీదే. పెద్దవాళ్ళ నోట అది 'టేషను రోడ్డు'. ఇంకో చిత్రం కూడా ఉంది. 'వాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళారు' అంటే తెలుగువాడికి గుండె జారుతుంది, అది పోలీసు స్టేషన్ కాబట్టి. బాపట్లలోనైతే సూర్యలంక దగ్గర ఎయిర్ ఫోర్స్ స్టేషన్ కూడా ఉంది. అయినా పక్కన 'రోడ్డు' అన్న మాట చేరగానే అనుమానాలన్నీ పోతాయి. అక్కడ స్టేషనంటే రైలుదే.

రైలు రాక ముందు ఈ నేలకు దారులు లేవా అంటే, ఉన్నాయి, నీళ్ళ మీద. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని పడమటి పాయ కాలవలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, పడవలనూ మోశాయి. దుగ్గిరాల లాకుల దగ్గర ఆగి, కొమ్మమూరు కాలవలో దిగువకు పోయి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవ అందుకుంటే మద్రాసు దాకా నీటి దారే. తెనాలి ఊరిని మూడు కాలవలు చీల్చుకుని పోతాయి. ఆంధ్రా ప్యారిస్ అని ముద్దుగా పిలుచుకోవడానికి ఆ కాలవలూ ఓ సాకే. ఆ కాలంలో ప్రయాణం మొదలయ్యేది రేవులో. రేవు ఊరిని అంటిపెట్టుకునే ఉండేది కాబట్టి దానికంటూ వేరే రోడ్డు అక్కర్లేకపోయింది.

రైలు సంగతి వేరు. అది ఊరిని వెతుక్కుంటూ రాదు. ఇంజనీరు పటం మీద వీలైనంత తిన్నటి గీత గీస్తాడు. వంపు తిప్పితే ఖర్చు, ఇళ్ళు పడగొడితే పరిహారం, పల్లమైతే కట్ట ఎత్తాలి. అందుకని ఊరి అంచున, చేల మధ్య, మెరక చూసి స్టేషన్ కట్టేవాళ్ళు. బెజవాడ నుంచి మద్రాసు వైపు లైను 1899లో నడకకొచ్చింది. తెనాలి, బాపట్ల రెండూ ఆ లైను మీదవే. ప్లాట్‌ఫారం ఓ చోట, బజారు ఇంకో చోట. ఆ మధ్య ఖాళీని పూడ్చడానికి పుట్టిందే స్టేషన్ రోడ్డు. తెనాలి మున్సిపాలిటీ అయింది 1909లో. అంటే పేర్ల పలకలు కొట్టేవాళ్ళు వచ్చేసరికే రైలు పదేళ్ళుగా కూతలు పెడుతోంది.

ఊళ్ళో పాత వీధుల పేర్లు చూడండి. బాపట్లలో రథం బజారు ఉంది, భావనారాయణస్వామి ఊరేగింపు గుర్తుగా. తెనాలిలో గంగానమ్మపేట ఉంది. ఆ పేర్లలో దేవుడో గ్రామదేవతో ఉన్నారు. వాటి తర్వాత వచ్చిన స్టేషన్ రోడ్డులో ఎవరూ లేరు, ఒక పని మాత్రమే ఉంది. అందుకే దాన్ని మార్చి ఓ నాయకుడి పేరు పెట్టినా జనం నోట నిలవదు. బోర్డు మీద ఏమున్నా ఆటోవాడితో అనే మాట ఒక్కటే.

ఈ పేరు మనం కనిపెట్టింది కాదు, రైలుతోపాటు దిగుమతైంది. 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ మధ్య రైలు నడిచిన నాటి నుంచి ఇంగ్లండులో ఊరూరా ఇదే జరిగింది. ఊరి బయట స్టేషన్, దానికో కొత్త రోడ్డు, ఆ రోడ్డుకు వేరే ఆలోచన లేకుండా పెట్టిన పేరు. అక్కడి వీధుల పేర్లలో హై స్ట్రీట్ తర్వాత ఎక్కువగా తగిలేది స్టేషన్ రోడ్డేనని చెప్పుకుంటారు. కొన్నిచోట్ల ఆ పేరు వీధి దాటి ఆటస్థలానికీ ఎక్కింది. మాంచెస్టర్ దగ్గర స్వింటన్ రగ్బీ లీగ్ జట్టు 1929 నుంచి 1992 దాకా ఆడిన మైదానం పేరు అచ్చంగా 'స్టేషన్ రోడ్'. ఆస్ట్రేలియా జట్టు వచ్చి టెస్టు మ్యాచులు ఆడిన చోటు. చివరికి అమ్మేశారు, ఇప్పుడక్కడ ఇళ్ళు లేచాయి.

ఆటస్థలాన్ని రోడ్డు పేరుతో పిలవడం మనకు వింతగానే ఉంటుంది. వాళ్ళకది మామూలు. లీడ్స్ ఫుట్‌బాల్ మైదానం ఎలాండ్ రోడ్, నార్విచ్‌ది కారో రోడ్. శనివారం ఒంటిపూట పని ముగించుకుని కార్మికులు రైళ్ళలో దిగేవాళ్ళు. దిగి ఏ రోడ్డున నడిస్తే ఆట కనబడుతుందో ఆ రోడ్డే మైదానానికి పేరైంది. మనకు ఆటస్థలం బడితో వచ్చింది. తెనాలిలో తాలూకా హైస్కూలు గ్రౌండు అంటారు, ఏ ఊళ్ళోనైనా మున్సిపల్ హైస్కూలు గ్రౌండు అంటారు. కాస్త పెద్ద ఊరైతే స్టేడియానికి నాయకుల పేర్లు: గుంటూరులో బ్రహ్మానందరెడ్డి, విజయవాడలో ఇందిరాగాంధీ, హైదరాబాదులో లాల్ బహదూర్. మన హైస్కూలు గ్రౌండు ఒక్క ఆటకే అంకితమయిందీ కాదు. పొద్దున కబడ్డీ, సాయంత్రం బహిరంగసభ, పండక్కి నాటకాలు. రైలు దిగి అక్కడికి నడిచొచ్చిన జనం బంతి కోసం కంటే ఉపన్యాసం కోసం వచ్చిందే ఎక్కువేమో.

ఇంగ్లండు స్టేషన్ రోడ్లకు పట్టిన గతి మనవాటికి పట్టలేదు. 1963లో బీచింగ్ అనే ఆయన లెక్కలు వేసి, రెండు వేల పైచిలుకు స్టేషన్లు దండగని నివేదిక ఇచ్చాడు. చాలావాటికి తాళాలు పడ్డాయి. రోడ్ల పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. కొత్తగా వచ్చినవాడు స్టేషన్ రోడ్డు చివరి దాకా నడిచి వెళ్ళి ఎవరి పెరటి గోడో చూసి వెనక్కి తిరుగుతాడు.

మన రైల్వే వాళ్ళు ఈ పేరును తిరగేసి కూడా వాడారు. ఆమదాలవలసలో దిగితే బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది. భద్రాచలం రాముణ్ణి చూద్దామని 'భద్రాచలం రోడ్'లో దిగినవాడు తేలేది కొత్తగూడెంలో. గోదావరి ఒడ్డుకు ఇంకా నలభై కిలోమీటర్ల దాకా బస్సెక్కాలి. మార్కాపూర్ రోడ్ కూడా ఆ కోవదే. స్టేషన్ పేరు చివర 'రోడ్' కనబడితే ఊరు దూరమని అర్థం. రోడ్డు పేరు ముందు 'స్టేషన్' ఉంటే ఊరు దగ్గరే, నడవొచ్చు. తెనాలి నుంచి బాపట్ల పోతుంటే మధ్యలో ఇంకో తమాషా తగులుతుంది. పొన్నూరులో దిగాల్సినవాడు నిడుబ్రోలు బోర్డు చూసి దిగాలి. రైతు నాయకుడు ఎన్.జి. రంగా పుట్టిన నిడుబ్రోలే స్టేషన్‌కు పేరిచ్చింది.

పేరు ఒకటే అయినా ఈ మూడు స్టేషన్ రోడ్ల తీరు ఒకటి కాదు. బాపట్లది దారిలో ఊరు. మద్రాసు నుంచో కలకత్తా నుంచో వస్తున్న బండి కాసేపు ఆగి వెళ్ళిపోతుంది. దిగినవాళ్ళు పని మీదే దిగుతారు. 1913 మేలో మొదటి ఆంధ్ర మహాసభ ఇక్కడ జరిగింది. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలన్న మాట పెద్ద సభలో చర్చకు వచ్చిన తొలి రోజులవి. మద్రాసు లైను మీద ఉండటం బాపట్లకు ఆ రోజు కలిసొచ్చిందనే నా నమ్మకం. 1945లో వ్యవసాయ కళాశాల పెట్టాక ఏటేటా ట్రంకు పెట్టెలతో కుర్రాళ్ళు దిగడం మొదలైంది. ఇప్పుడు ఆదివారాలు సూర్యలంక సముద్రానికి పోయే జనం.

తెనాలి కథ వేరు. 1916లో గుంటూరు నుంచి రేపల్లె దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే లైను వేసేసరికి మెయిన్ లైను మీది ఊరు కాస్తా జంక్షన్ అయింది. నాలుగు దిక్కుల నుంచి బళ్ళు. జంక్షన్ అంటే ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు కాక మూడో రకం మనుషులు ఉంటారు, బండి మారేవాళ్ళు. చేతిలో గంటో రెండు గంటలో ఖాళీ ఉన్నవాళ్ళు. కాఫీ హోటలు, బాడుగ గది, పత్రికల దుకాణం, సినిమా హాలు, ఇవన్నీ ఆ ఖాళీ గంటల మీద బతుకుతాయి. తెనాలికి నాటకాల పిచ్చి, సినిమాల పిచ్చి ఎక్కడిదని అడిగితే నేను సగం చెయ్యి స్టేషన్ వైపే చూపిస్తాను.

రోడ్డు ఊరిని స్టేషన్‌కు కలిపిందంటే జనాన్నీ అటే నడిపిస్తుంది. 1942లో క్విట్ ఇండియా పిలుపు వచ్చిన నాలుగో రోజున, ఆగస్టు 12న, తెనాలి జనం స్టేషన్ మీదికి వెళ్ళి తగలబెట్టారు. పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. వాళ్ళ పేర రణరంగ చౌక్‌లో ఏడు స్తూపాలు నిలబెట్టారు. రైల్వే మీద ఆ కోపమెందుకంటే, జిల్లాలో దొరతనం కంటికి కనబడేది అక్కడే. పటాలం దిగేదీ, ధాన్యం ఎక్కేదీ, తంతి వెళ్ళేదీ అక్కడి నుంచే.

రేపల్లెకు వస్తే లైను అయిపోతుంది. తెనాలిలో బయల్దేరిన ప్యాసింజరు చినరావూరు, జంపని, వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన దాటి ముప్పై నాలుగు కిలోమీటర్లు వచ్చి ఆగుతుంది. భట్టిప్రోలులో బౌద్ధుల స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో అక్కడ ధాతు పేటికలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ రాతల్ని పండితులు ఇప్పటికీ తర్కించుకుంటారు. అంతకుముందు అదే స్తూపం రాళ్ళను కాలవ పనులకు తరలించుకుపోయారు. కాలవలకు స్తూపం ఒళ్ళు పోగొట్టుకున్న ఊరికి రే తవ్వకాల తర్వాత ఇరవై ఏళ్ళకు పైనే ఆగితే రైలు వచ్చింది.

కొసన ఉన్న స్టేషన్ దగ్గర తొందర ఉండదు. బండి ఎటూ పోదు, వచ్చిన దారినే తిరిగి పోవాలి. దిగినవాళ్ళలో రేపల్లె వాళ్ళు కానివాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. వాళ్ళు స్టేషన్ రోడ్డు దాటి, ఊరూ దాటి, పెనుమూడి రేవుకు పోయి, కృష్ణ మీద పడవెక్కి దివిసీమలో దిగాలి. పెనుమూడి, పులిగడ్డల మధ్య వారధి పడ్డాక పడవ పని తగ్గింది. దివిసీమకు మాత్రం ఈ రోజుకీ రైలు లేదు. అవనిగడ్డ వైపు వాళ్ళు బండి ఎక్కాలంటే ఏరు దాటి రేపల్లె స్టేషన్ రోడ్డుకు రావడం ఒక దారి. రేపల్లె నుంచి బందరుకు లైను వెయ్యమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. అది పడిన రోజున రేపల్లె స్టేషన్ కొస కాకుండా పోతుంది. అవనిగడ్డలో ఓ కొత్త రోడ్డు పుడుతుంది. దానికి ఏం పేరు పెట్టాలో ఎవరూ సభ పెట్టి చర్చించరు.