ప్రయాణపు సంచిలో రంగుల పెట్టె

మా కేంబ్రిడ్జ్ కొత్త ఊరే. గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ అనే మూడు పాత ఊళ్ళను కలిపి 1973లో ఏర్పాటు చేశారు. గాల్ట్ వైపు గ్రాండ్ నది ఒడ్డున, స్కాట్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న సున్నపురాతి భవనాలు ఇంకా ఉన్నాయి. వేసవిలో వాటి ఎదుట కూర్చుని, అరచేతిలో పట్టే రంగుల పెట్టెతో బొమ్మలు వేసుకునేవాళ్ళు కనిపిస్తారు. ఆ చిన్న పెట్టెది పెద్ద చరిత్ర. అందులో ఒక ఘట్టం మన కృష్ణ ఒడ్డున జరిగింది.

పూర్వం రంగుపొడినీ జిగురునూ చిత్రకారులే నూరుకునేవారు. లండన్‌లో రీవ్స్ సోదరులు రంగును గట్టి బిళ్ళలుగా చేసి అమ్మారు. అందుకు 1781లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారికి వెండి పాలెట్ బహుమతిగా ఇచ్చింది. 1830లలో విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ గ్లిజరిన్ కలిపి, తడి కుంచె తగలగానే కరిగే రంగులు తెచ్చింది. దాంతో రంగులు జేబులోకి వచ్చేశాయి.

అప్పట్లో ఇది కాలక్షేపం మాత్రమే కాదు. కెమెరా లేదు కనుక కొండ ఎక్కడుంది, ఏరు ఎక్కడ దాటాలి అన్నది సైన్యానికి బొమ్మ గీసి చూపాలి. అందుకే ఊలిచ్ సైనిక అకాడమీలో ఇంజనీర్లకు చిత్రలేఖనం పాఠంగా ఉండేది. అక్కడ చదివిన థామస్ డేవీస్ కెనడా నదులనూ జలపాతాలనూ నీటిరంగుల్లో చిత్రించాడు. 1792 నుంచి 1796 వరకు మా ఒంటారియో ప్రాంతంలో ఉన్న గవర్నరు భార్య ఎలిజబెత్ సిమ్‌కో పడవల్లో తిరుగుతూ బొమ్మలు వేసింది. బర్చి చెట్టు బెరడు మీద కూడా వేసింది. మనం భూర్జపత్రం అనేది ఆ జాతి చెట్టు బెరడునే.

ఆ రోజుల్లోనే మన దేశంలోనూ ఈ పని సాగింది. స్కాట్లండ్‌కు చెందిన కాలిన్ మెకంజీ మద్రాసు సైన్యంలో ఇంజనీరు. 1790ల చివర ఆయన అమరావతి వెళ్ళేసరికి, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ ఊరు కట్టిస్తున్నాడు. దీపాలదిన్నెలో తవ్విన శిల్పాల రాళ్ళు కట్టడాలకు తరలిపోతున్నాయి. మెకంజీ 1816లో మళ్ళీ వెళ్ళి, తన చిత్రకారులచేత స్తూపం రాళ్ళను ఒక్కొక్కటిగా గీయించాడు. ఆయన సర్వేలకు మద్రాసులో 1794లో పెట్టిన సర్వే పాఠశాల పిల్లలు పనిచేశారు. నేటి గిండీ ఇంజనీరింగ్ కళాశాలకు మూలం ఆ బడే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు శాసనాలు, కైఫియతులు సేకరించి పెట్టారు.

ఆ రాళ్ళలో చాలా భాగం తరవాత పోయాయి. ఇప్పుడు వాటికి ఆ బొమ్మలే సాక్ష్యం. ఆ ఆల్బమ్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దేశాన్ని ఏలుకోవడానికి చేయించిన సర్వేలో గీసిన బొమ్మల వల్లే ఈనాడు మనకు ఆ స్తూపం రూపురేఖలు తెలుస్తున్నాయి. మెచ్చుకోవాలో బాధపడాలో తేలని సంగతి ఇది.

ఇండియా వెళ్ళేటప్పుడు నా సంచిలో పన్నెండు బిళ్ళల పెట్టె, పిడిలో నీళ్ళు పోసుకునే కుంచె, పెన్సిలు, మందపు కాగితాల పుస్తకం ఉంటాయి. బిళ్ళలు గట్టివి కనుక విమానంలో ద్రవాల పేచీ లేదు. కుంచె ఖాళీగా తీసుకెళ్ళి, దిగాక నీళ్ళు నింపుకుంటే చాలు. ఇక్కడి చలికాలంలో ఆరుబయట వేస్తే కాగితం మీద నీళ్ళు గడ్డకడతాయి. అక్కడి వానాకాలంలో వేసిన రంగు ఎంతకీ ఆరదు. రెండింటికీ ఓపికే మందు.

ఫోనులో ఫొటో క్షణంలో వస్తుంది. కానీ బొమ్మ వేయాలంటే మండువా చుట్టూ స్తంభాలెన్నో లెక్కపెట్టాలి, దూలం ఎక్కడ ఆనిందో చూడాలి. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు ఆ గది ఎవరిదో, ఆ గూడు ఎందుకో చెబుతారు. అదీ పేజీ మీదకు ఎక్కుతుంది. మన ఊళ్ళలో మండువా ఇళ్ళు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లల చేతికి ఒక రంగుల పెట్టె ఇచ్చి, తాతగారి ఇంటి ముందు గంటసేపు కూర్చోబెట్టండి. బొమ్మ కింద ఊరి పేరూ తేదీ రాయించడం మాత్రం మరవకండి.