బ్లాక్‌పూల్ నాట్యోత్సవం: అందానికి మార్కులు

ఇంగ్లండు వాయవ్య తీరంలో బ్లాక్‌పూల్ అనే పట్టణం ఉంది. అక్కడి వింటర్ గార్డెన్స్ భవనంలో, ఎంప్రెస్ బాల్‌రూమ్ అనే విశాలమైన హాలులో, 1920 నుంచి జంట నాట్యాల పోటీలు జరుగుతున్నాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలోనూ, కోవిడ్ కారణంగా 2020లోనూ మాత్రం ఆగాయి.

బాల్‌రూమ్ అనగానే మీకు రాజభవనాలు గుర్తుకు రావచ్చు. కాని బ్లాక్‌పూల్ ప్రధానంగా కార్మికుల విహారస్థలం. 1846లో రైలు వచ్చాక లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులు, మిల్లు మూసే వారం రోజుల్లో, కుటుంబాలతో ఇక్కడికి తరలివచ్చేవారు. (మన చేనేత మగ్గాలను మూలకు నెట్టిన గుడ్డ తయారైనది ఆ మిల్లుల్లోనే.) వారి వినోదం కోసమే 1896లో ఈ హాలు తెరిచారు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా నుంచి జాజ్ సంగీతం వచ్చింది. ఎవరికి తోచిన అడుగు వారు వేయసాగారు. అడుగు ఒకటి కాకపోతే పోటీ ఎలా పెడతారు? 'డాన్సింగ్ టైమ్స్' సంపాదకుడు ఫిలిప్ రిచర్డ్‌సన్ 1920లో లండన్‌లో నాట్యాచార్యులను సమావేశపరిచాడు. అడుగులకూ, లయకూ ప్రమాణాలు ఏర్పడసాగాయి. నేటి పోటీల్లో నెమ్మది వాల్ట్‌జ్‌కు నిమిషానికి 84 నుంచి 90 తాళపు దెబ్బలు. వియన్నా వాల్ట్‌జ్‌కు దాదాపు రెట్టింపు. దీనివల్ల స్వేచ్ఛ కొంత పోయిందన్న మాట నిజమే. అయితే కొలత లేనిదే పోలిక లేదు.

ఇప్పుడు మీరే న్యాయనిర్ణేతలనుకోండి. ఆరు జంటలు ఒకేసారి అపసవ్య దిశలో హాలు చుట్టూ తిరుగుతుంటాయి. మీకున్న సమయం సుమారు ఒకటిన్నర నిమిషం. పక్కవారితో మాట్లాడకుండా ఒకటి నుంచి ఆరు వరకు స్థానాలు రాయాలి. మొత్తం ఏడుగురు నిర్ణేతలు. ఒక జంటకు నలుగురు మొదటి స్థానం, ముగ్గురు ఆరవ స్థానం ఇచ్చారు: మొత్తం 22. రెండవ జంటకు ముగ్గురు మొదటి స్థానం, నలుగురు రెండవ స్థానం ఇచ్చారు: మొత్తం 11. తక్కువ మొత్తమే మేలనుకుంటే రెండవ జంటదే గెలుపు. కాని 1937లో ఇంగ్లండులో ప్రవేశపెట్టిన 'స్కేటింగ్ పద్ధతి' ప్రకారం గెలిచేది మొదటి జంట! ఏడుగురిలో నలుగురు ఏమన్నారన్నదే ఆ పద్ధతికి ముఖ్యం. అందువల్ల పక్షపాతంతో ఒకరు మంచి జంటను అట్టడుగున పడేసినా, అది ఒక్క ఓటుగానే మిగులుతుంది. రెండవ జంటను ఏడుగురూ మెచ్చుకున్నారు కదా, అది అన్యాయం కాదా అని మీరు అడగవచ్చు. ఎన్నికల గణితంలోనూ ఈ చిక్కు ఉంది.