పొన్నంకి పిట్ట

పొన్నంకి పిట్ట భారత ఉపఖండపు అడవుల్లో, పొదల నీడన నేల మీద తిరిగే చిన్న పక్షి. శాస్త్రీయ నామం పిట్టా బ్రాకియూరా. పొడవు 18-19 సెంటీమీటర్లు. ఆకుపచ్చ వీపు, రెక్కల మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లని పట్టె, తెల్లని గొంతు, లేత గోధుమవన్నె రొమ్ము, పొట్ట అడుగున కుంకుమ ఎరుపు. హిందీలో నౌరంగ్ అన్నది ఈ రంగులను చూసే. తోక మొండి. రాలిన ఆకులను ముక్కుతో తిరగేసి పురుగులను, వానపాములను ఏరుకుని తింటుంది. తెల్లవారగానే, మళ్ళీ పొద్దుగూకే వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. ఆ ఈల ఎంతో ఇంపైనది. అయినా శాస్త్రజ్ఞులు దీన్ని అసలైన గాయక పక్షుల్లో కాక, వాటికి దాయాది శాఖలో ఉంచారు.

1766లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు కాకుల ప్రజాతిలో చేర్చాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో దీని కోసం పిట్టా అనే ప్రజాతిని ఏర్పరచాడు. ఆ పేరు మన తెలుగు మాటే. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా వరకు వ్యాపించిన, నలభైకి పైగా జాతులున్న కుటుంబమంతా నేడు దాన్నే మోస్తోంది.

తెలుగు నేల మీద ఈ పక్షి చరిత్రను శ్రద్ధగా రాసిపెట్టినవాడు థామస్ జెర్డాన్ (1811-1872). మద్రాసు సైన్యంలో వైద్యుడిగా 1836లో వచ్చి, కొంతకాలానికి నెల్లూరులో సివిల్ సర్జన్ అయ్యాడు. అక్కడి గిరిజనులైన యానాదుల దగ్గర పక్షుల పేర్లు, అలవాట్లు అడిగి తెలుసుకున్నాడు. అప్పటి దొరలలో అరుదైన, మెచ్చదగిన పద్ధతి ఇది. 1862-64లో వెలువడిన ‘ద బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ఈ పక్షి తెలుగు పేరును కూడా అచ్చు వేయించాడు. జెర్డాన్ మొదటిసారి దీన్ని చూసింది అడవిలో కాదు, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో. అలసి అందులో చొరబడిందది. తర్వాత నెల్లూరులోనూ ఇలాగే ఇళ్ళలోకి వచ్చినవి ఆయనకు చాలా దొరికాయి. ఎండాకాలం మొదట్లో పడమటి గాలులు జోరందుకున్నప్పుడు, ఎగిరే సత్తువ తక్కువైన ఈ పక్షులు తూర్పు కనుమల నుంచి కొట్టుకొస్తున్నాయని ఆయన భావించాడు. చూసింది నిజం, చెప్పిన కారణం మాత్రం సగమే. శీతకాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపిన పొన్నంకి పిట్టలు ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పెట్టడానికి మధ్య భారతానికి, హిమాలయ పాదాలకు తిరిగి వెళతాయి. ఆ ప్రయాణంలో సొలసిపోయినవే ఇళ్ళలో దిగుతాయి. వానాకాలం ముగిశాక మళ్ళీ దక్షిణానికి వస్తాయి.

జెర్డాన్ తర్వాత కూడా తెలుగు నేల మీద పక్షుల పరిశీలన సాగింది. 1931-32లో పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ నైజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. 1980లో హైదరాబాదులో ఏర్పడ్డ బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ తన వార్తాపత్రికకు ‘పిట్టా’ అనే పేరే పెట్టుకుంది. ఆ సంఘమే నేటి డెక్కన్ బర్డర్స్.

వలస వేళ జంటనగరాల్లో చెట్లు, పొదలు ఉన్న చోట్ల ఇప్పటికీ ఇది దిగుతుంది. కానీ సికింద్రాబాదులోని రాంగోపాల్‌పేట్ లాంటి కిక్కిరిసిన పేటల్లో ఆకులు రాలి మగ్గే నేల దాదాపు లేదు. పార్కుల్లో ఎండుటాకులను ఊడ్చి తగలబెట్టే అలవాటు ఈ పక్షి తిండిని నేరుగా దెబ్బతీస్తుంది. ప్రపంచ స్థాయి జాబితాలో దీనికి తక్షణ ముప్పు లేదని నమోదైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, పంజరంలో పెట్టడం నేరం.

మీ వరండాలోనో మెట్ల కిందనో ఇలాంటి రంగుల పిట్ట సొలసి కనిపిస్తే ముక్కులో నీళ్ళు పోయకండి. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, సద్దులేని చోట కాసేపు ఉంచండి. తేరుకున్నాక దగ్గర్లోని పొదల కింద వదలండి. గాయపడి ఉంటే అటవీశాఖకు కబురు చేయండి.