ఐదు కప్పులు, మూడు ఖాళీ ఏళ్ళు

అప్రైజల్ సీజనొస్తే నాకు షానన్ మిల్లర్ గుర్తొస్తుంది. ఎవరీవిడ అంటారా? ఐస్ హాకీ కోచ్. (మన ధ్యాన్‌చంద్ హాకీ కాదండోయ్, కాళ్ళకి స్కేట్లు కట్టుకుని మంచు మీద ఆడేది.)

అమెరికా కాలేజీ మహిళల ఐస్ హాకీకి ఎన్‌సీఏఏ జాతీయ టోర్నీ 2001లో మొదలైంది. 2001, 2002, 2003 - మొదటి మూడు కప్పులూ ఒకే జట్టు ఎగరేసుకుపోయింది. అది మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న డులూత్ యూనివర్సిటీ జట్టు. 1999-2000 మొదటి సీజన్ నుంచీ కోచ్ మిల్లరే. ఆ తర్వాత 2008లో, 2010లో ఇంకో రెండు కప్పులు. 2010 ఫైనలైతే మూడో అదనపు సమయం దాకా సాగింది.

మరి ఆవిడ మీద విమర్శలు లేవా అంటే, బోలెడు. అవన్నీ ఉత్తివి కూడా కాదు. 1998 నగానో ఒలింపిక్స్‌లో కెనడా కోచ్ ఆవిడే. ఆ జట్టుకి ఏంజెలా జేమ్స్ లాంటి దిగ్గజాన్నే పక్కన పెట్టారు. లీగ్ మ్యాచ్‌లో అమెరికా మీద 4-1 ఆధిక్యంలో ఉండి, వరసగా ఆరు గోల్సిచ్చి 7-4తో ఓడారు. ఫైనల్లోనూ 3-1తో ఓడి రజతంతో సరిపెట్టుకున్నారు. ఈ ఆటలో కోచ్ పనల్లా ఎవర్ని, ఎప్పుడు మంచు మీదకి పంపాలన్నదే. అలాంటప్పుడు ఆ ఆరు గోల్స్‌కి జవాబు చెప్పాల్సింది కోచే కదా!

డులూత్‌లో ఆవిడ బలం ఐరోపా అమ్మాయిలు. స్వీడన్ నుంచి మరియా రూత్, ఆ తర్వాత గోలీ కిమ్ మార్టిన్. నన్నడిగితే బలహీనతా అదే. తారలు చదువులు ముగించి వెళ్ళిపోయాక కొత్త పద్ధతేదీ కనబడలేదు. పక్కనున్న మిన్నెసోటా జట్టేమో 2012-13లో 41కి 41 మ్యాచ్‌లూ గెలిచింది. డులూత్ మాత్రం 2012, 2013, 2014ల్లో జాతీయ టోర్నీ గడప కూడా తొక్కలేదు.

2014 డిసెంబరులో, సీజన్ మధ్యలో, కాంట్రాక్టు పొడిగించబోమన్నారు. కారణం? డబ్బుల్లేవట. ఆవిడ జీతం ఏడాదికి 2,07,000 డాలర్లు. కోర్టుకెళ్ళాక మాత్రం ఫలితాలు బాలేవన్నారు.

ఇక్కడే నాకు కాలింది. ఓ ఏడాది నా రేటింగ్ తగ్గించినప్పుడు మొదట బడ్జెట్ లేదన్నారు. గట్టిగా అడిగితే పనితీరు బాలేదన్నారు. పనితీరే కారణమైతే ముందే చెప్పొచ్చుగా, దిద్దుకునేవాణ్ణి!

సరే, ఫలితాలే కొలబద్ద అనుకుందాం. అదే యూనివర్సిటీ పురుషుల జట్టు 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగేళ్ళు జాతీయ టోర్నీకి వెళ్ళలేదు. అక్కడ పదహారు జట్లకి చోటుంటే, ఆడవాళ్ళ టోర్నీలో అప్పట్లో ఎనిమిదింటికే. అయినా ఆ కోచ్ స్కాట్ శాండెలిన్‌ని తీసెయ్యలేదు. ఆయన 2011లో కప్పు తెచ్చాడు. 2018, 2019ల్లో మరో రెండు! 2008లోనే ఇంటికి పంపుంటే ఆ మూడూ వచ్చేవా? ఆయనకి ఓపిక పట్టడం తప్పని నేననను. అదే ఓపిక ఐదు కప్పులు తెచ్చినావిడకి ఎందుకు దక్కలేదన్నదే నా గొడవ.

జ్యూరీకీ అదే అనుమానమొచ్చినట్టుంది. ఆడమనిషన్న వివక్ష చూపారనీ, జట్టుకి అన్యాయం జరుగుతోందని అడిగినందుకు కక్ష కట్టారనీ తేల్చి, 2018 మార్చిలో 37.4 లక్షల డాలర్లివ్వమంది. జీతం మిగుల్చుకుందామనుకుంటే అయిన ఖర్చది!

ఆవిడ వ్యూహాల్లో తప్పులున్నాయనే ఇప్పటికీ అంటాను. కానీ తప్పులు ఎంచే కొలబద్ద అందరికీ ఒకటే ఉండాలి, అదీ ముందే చెప్పాలి. లేకపోతే అది విమర్శ కాదు, సాకు.

మీ ఆఫీసుల్లో ఎలా ఉందేమిటి?