నీటి లెక్క వెనుక యాభై ఏళ్ళు

36 గ్రాముల నీటిలో ఎన్ని మోల్‌లు? అణుభారం 18 కనుక రెండు. బడిలో ఈ లెక్క ఎన్నోసార్లు చేశాను. ఆ 18 ఎక్కడినుంచి వచ్చిందని ఏనాడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

1808లో జాన్ డాల్టన్ లెక్కలో నీటి భారం 8. హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 7. నీటిలో చెరొక పరమాణువే ఉంటుందని ఆయన ఊహ. అయితే రెండు పాళ్ళ హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే రెండు పాళ్ళ ఆవిరి వస్తుంది. సమాన ఘనపరిమాణాల వాయువుల్లో, ఒకే ఉష్ణోగ్రతా పీడనాల వద్ద, అణువుల సంఖ్య సమానమని 1811లో అవొగాడ్రో ప్రతిపాదించాడు. అలాగైతే ఆక్సిజన్ అణువు రెండుగా చీలాలి, అంటే అందులో జంట పరమాణువులుండాలి. ఒకే జాతి పరమాణువులు జతకడతాయంటే డాల్టన్ ఒప్పుకోలేదు. అవొగాడ్రో 1856లో మరణించేనాటికీ తగవు తేలలేదు.

దాన్ని తీర్చే దారి చూపింది కొత్త ప్రయోగం కాదు, ఒక అధ్యాపకుడి పాఠ్యప్రణాళిక! జెనోవాలో తన విద్యార్థులకు చెప్పే పాఠాల క్రమాన్ని కన్నిజారో 1858లో ప్రచురించాడు. 1860లో కార్ల్స్‌రూ సమావేశంలో ఆ చిన్న పుస్తకాన్ని పంచారు. అది చదివిన లోథార్ మేయర్ వంటివారి సందేహాలు తీరాయి. క్రమంగా ఆక్సిజన్ 16, నీరు 18 స్థిరపడ్డాయి.

పిల్లలచేత 18 అని వల్లె వేయించేముందు ఈ తగవు చెబితే బాగుండునని నాకనిపిస్తుంది. అప్పుడది అంకె కాదు, తీర్పు.