ఆండీస్‌లో ఆగిపోయిన ఆట

1972 అక్టోబరు 13, శుక్రవారం. ఉరుగ్వే వైమానిక దళానికి చెందిన ఫెయిర్‌చైల్డ్ విమానంలో కుర్రాళ్లు కోలబంతిని ఒకరికొకరు విసురుకుంటూ గోల చేస్తున్నారు. మధ్యాహ్నం 3 గంటల 21 నిమిషాలకు ప్లాంచోన్ కనుమ దాటుతున్నామని కో పైలట్ చిలీ రాజధాని శాంటియాగోలోని విమాన నియంత్రణ కేంద్రానికి చెప్పాడు. మూడు నిమిషాలు గడిచాయో లేదో, చిలీలోని కురికో పట్నం మీదికి వచ్చేశామన్నాడు. నిజానికి ఆ దూరానికి పదకొండు నిమిషాలు పట్టాలి. కింద అంతా మబ్బు. ఆండీస్ కొండలు ఇంకా అయిపోలేదు. విమానం ఉత్తరానికి మళ్లి దిగడం మొదలుపెట్టింది.

మబ్బు విడిపోయేసరికి కిటికీ పక్కనే బండరాళ్లు! కొండకు తగిలి రెక్కలు ఊడాయి, తోక తెగిపోయింది. మిగిలిన మొండెం మంచు వాలు మీద జారుకుంటూ పోయి, సముద్ర మట్టానికి 3,500 మీటర్ల పైన ఆగింది. విమానంలో ఉన్నది 45 మంది. మర్నాటి ఉదయానికి ప్రాణాలతో మిగిలింది 28 మంది.

ఈ కుర్రాళ్లు ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలోని ‘ఓల్డ్ క్రిస్టియన్స్’ రగ్బీ క్లబ్బు సభ్యులు, వాళ్ల స్నేహితులు, బంధువులు. ఆ నగరంలో కరాస్కో అనే సంపన్నుల పేట ఉంది. అక్కడి తల్లిదండ్రులు పిలిస్తే ఐర్లండ్ నుంచి క్రిస్టియన్ బ్రదర్స్ అనే క్రైస్తవ బోధకుల సంఘం వాళ్లు వచ్చి 1955లో స్టెల్లా మారిస్ పాఠశాల పెట్టారు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పును అప్పటికే రెండుసార్లు గెలిచిన దేశమది. అలాంటి చోట బ్రదర్స్ పిల్లల చేత పట్టుబట్టి రగ్బీ ఆడించారు. ఫుట్‌బాల్‌లో ఒక్కడి గొప్ప పెరుగుతుందని, రగ్బీలో ఒక్కడివల్ల ఏదీ కాదని వాళ్ల నమ్మకం. స్క్రమ్‌లో ఎనిమిది మంది భుజాలు పెనవేసుకుని, తలలు వంచి, అవతలి ఎనిమిది మందిని నెట్టాలి. ఒక్కడు పట్టు వదిలితే ఆ బరువు పక్కవాడి మెడ మీద పడుతుంది. బడి చదువు ముగిశాక కూడా ఆట వదలలేని పూర్వ విద్యార్థులు ఈ క్లబ్బు పెట్టుకున్నారు. ఐర్లండ్ గుర్తుగా మూడాకుల చిహ్నం పెట్టుకున్నారు. జీతం లేదు, బహుమతి డబ్బు లేదు. వారమంతా చదువులు, ఉద్యోగాలు. సెలవు రోజున మైదానం. అయినా 1968లో, 1970లో దేశ ఛాంపియన్లయ్యారు.

శాంటియాగోలోని ‘ఓల్డ్ బాయ్స్’ క్లబ్బుతో ఆడటానికి విమానం మాట్లాడింది జట్టు కెప్టెన్ మార్సెలో పెరెజ్. ఖర్చు గిట్టుబాటు కావాలంటే సీట్లన్నీ నిండాలి. అందుకని అక్కల్నీ అమ్మల్నీ స్నేహితుల్నీ పోగుచేశారు. కూతురి పెళ్లికని బయల్దేరిన ఓ తల్లి కూడా ఆ విమానం ఎక్కింది. మూడు నిమిషాల పొరపాటు వీళ్లందరినీ మంచులో పడేసింది.

ఆ మొదటి రాత్రి మార్సెలో చేసిన పని చూడండి. తోక తెగిపోయిన చోట విమానం నోరు తెరుచుకుని ఉంది. సూట్‌కేసులు, విరిగిన సీట్లు, మంచు కలిపి అక్కడ గోడ కట్టించాడు. అందరి దగ్గరా దొరికిన తిండి ఒకచోట పెట్టించాడు. చాక్లెట్ ముక్క, వాసన సీసా మూతతో కొలిచిన వైన్... ఒక్కొక్కరికి రోజుకు అంతే. సీట్ల వెనకనున్న అల్యూమినియం రేకును ఎండలో ఆనించి మంచు కరిగించే ఉపాయం ఫితో స్ట్రౌచ్ కనిపెట్టాడు. అతను ఆ జట్టు ఆటగాడు కాదు. ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే బతికినవాళ్లందరినీ రగ్బీ వీరులని రాసేయడం మామూలైపోయింది. నూమా తుర్కాతీ కూడా స్నేహితుల వెంట వచ్చినవాడే. జట్టులో పేరు లేకపోయినా ఆ మంచులో అతను మోయని బరువు లేదు.

తిండి అయిపోయింది. అక్కడ గడ్డిపోచ కూడా మొలవదు. మిగిలింది చనిపోయినవాళ్ల దేహాలే. గంటల తరబడి వాదించుకున్నారు, ప్రార్థించారు, ఏడ్చారు. నేను పోతే నా దేహం మీదే అని చేతులు పట్టుకుని ఒకరికొకరు మాటిచ్చుకున్నారు. ప్రపంచం ఈ కథలో ఈ ఒక్క సంగతినే పట్టుకుంది. నాకు మాత్రం తినడం కన్నా ఆ మాటివ్వడమే పెద్ద సంగతి.

పదకొండో రోజున చిన్న ట్రాన్సిస్టర్‌లో వార్త వచ్చింది, గాలింపు ఆపేశారని. వస్తారు, వస్తారని రోజూ అందరికీ ధైర్యం చెప్పిన మార్సెలో ఆ వార్తతో కుంగిపోయాడు. అక్టోబరు 29 రాత్రి నిద్రలో ఉండగా హిమపాతం విమానంలోకి దూసుకొచ్చి ఎనిమిది మందిని మింగేసింది. వారిలో కెప్టెన్ కూడా ఉన్నాడు.

కెప్టెన్ పోయినా జట్టు చెదరలేదు. స్క్రమ్ రెండో వరసలో ఆడే నాందో పర్రాడో తల్లినీ చెల్లెల్నీ అక్కడే పోగొట్టుకున్నాడు. వింగర్ రొబెర్తో కనెస్సా వైద్య విద్యార్థి. డిసెంబరు 11న నూమా కన్నుమూశాడు. మర్నాడు నాందో, కనెస్సా, ఆంటోనియో విసింతీన్ పడమటి కొండ ఎక్కడం మొదలుపెట్టారు. కాళ్లకు రగ్బీ బూట్లే. తోకలో దొరికిన ఇన్సులేషన్‌ను కుట్టి చేసుకున్న పడక సంచీ ఒక్కటే ముగ్గురికీ. మనవడికని తల్లి దారిలో ఆగిన మెండోసా ఊళ్లో కొన్న చిట్టి ఎర్ర బూట్ల జతలో ఒకటి నాందో జేబులో పెట్టుకుని, రెండోది మిగిలినవాళ్లకు ఇచ్చాడు. తిరిగొస్తాననడానికి అది హామీ.

శిఖరం ఎక్కితే అవతల చిలీ పచ్చిక కనిపిస్తుందనుకున్నారు. కురికో దాటామని కో పైలట్ చనిపోయేదాకా కలవరిస్తూనే ఉన్నాడు మరి. ఎక్కి చూస్తే ఎటుచూసినా మంచు కొండలే. తిండి చాలదని విసింతీన్‌ను వెనక్కి పంపి ఇద్దరే ముందుకు నడిచారు. డిసెంబరు 20 సాయంత్రం ఒక నది అవతల గుర్రం మీద మనిషి కనిపించాడు. పేరు సెర్హియో కతలాన్, పశువులు తోలుకునే మనిషి. నీళ్ల హోరులో మాట వినపడలేదు. మర్నాడు మళ్లీ వచ్చి, కాగితం, పెన్సిల్ రాయికి కట్టి విసిరాడు. నాందో రాసి తిరిగి విసిరాడు. అది చదివిన కతలాన్ తన రొట్టె అవతలికి విసిరి, గంటల కొద్దీ గుర్రం మీద వెళ్లి పోలీసులకు చెప్పాడు. 22, 23 తేదీల్లో హెలికాప్టర్లు మిగిలిన 14 మందినీ దింపాయి. మొత్తం 16 మంది. 72 రోజులు.

క్లబ్బు మూతపడలేదు. బతికి వచ్చినవాళ్లు మళ్లీ అదే జెర్సీ వేసుకున్నారు. కనెస్సా దేశం తరఫున ఆడాడు. పిల్లల గుండె వైద్యుడయ్యాడు. బతికినవాళ్లలోనే మరొకడు గుస్తావో సెర్బీనో ఉరుగ్వే రగ్బీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. చనిపోయినవారి తల్లులు 1973లో మాంటెవీడియోలో ఒక గ్రంథాలయం పెట్టారు. పేరు ‘మా పిల్లలు’. ఆగిపోయిన ఆటను 40 ఏళ్లు నిండిన 2012 అక్టోబరులో శాంటియాగోలో ఆడారు. రెండు క్లబ్బుల మధ్య స్నేహ కప్పు పోటీ ఆనవాయితీగా నిలిచింది.

ఈ ఉదంతం మీద స్పానిష్ దర్శకుడు బయోనా 2023లో ‘సొసైటీ ఆఫ్ ద స్నో’ తీశాడు. కథ చెప్పే గొంతు నూమాది. ఒక్కొక్కరు చనిపోయినప్పుడల్లా వారి పేరూ వయసూ తెర మీద పడతాయి. చూడనివాళ్లు చూడండి. ఆ పేర్లు వచ్చినప్పుడు కళ్లు తిప్పుకోకుండా చదవండి.