వలసపాలకుల విగ్రహాలు - వివాదాలు: నీల్ విగ్రహ సత్యాగ్రహం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• నీల్ విగ్రహ సత్యాగ్రహానికి దారితీసిన పరిస్థితులను వివరించగలుగుతారు.
• విగ్రహాన్ని ఒక చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

వలసపాలన కాలపు విగ్రహాన్ని తొలగించాలన్న మాట వచ్చినప్పుడల్లా రెండు వాదాలు వినిపిస్తాయి. పీడకుడికి బహిరంగ గౌరవం తగదన్నది మొదటిది. తొలగిస్తే చరిత్ర చెరిగిపోతుందన్నది రెండోది. ఈ వాదాల బలాబలాలను మద్రాసులో జరిగిన ఒక ఉద్యమం ఆధారంగా పరిశీలిద్దాం. అప్పటి మద్రాసు రాజధానిలో కోస్తాంధ్ర, రాయలసీమ భాగంగా ఉండేవని మీకు తెలుసు.

2. నీల్ ఎవరు?

జేమ్స్ నీల్ మద్రాసు ఫ్యుజిలియర్స్ దళానికి చెందిన సైనికాధికారి. 1857 తిరుగుబాటును అణచడానికి ఉత్తర భారతానికి వెళ్ళాడు. అలహాబాదు పరిసరాల్లో అతని సైన్యం విచక్షణ లేకుండా ప్రజలను ఉరితీసింది. కాన్పూరులో బీబీఘర్ హత్యాకాండకు ప్రతీకారంగా, ఉరితీసే ముందు ఖైదీలచేత అక్కడి నెత్తుటి మరకలను బలవంతంగా శుభ్రం చేయించాడు. 1857 సెప్టెంబరు 25న లక్నోలో మరణించాడు. కొద్ది సంవత్సరాలకే మద్రాసు మౌంటు రోడ్డులో అతని విగ్రహం వెలసింది. దానిని నిలబెట్టినవారి దృష్టిలో అతడు వీరుడు. అతని చేతిలో చనిపోయినవారి ఊసు ఆ స్మారకంలో లేదు.

3. సత్యాగ్రహం (1927)

దాదాపు ఆరున్నర దశాబ్దాలు నిలిచిన విగ్రహంపై 1927లోనే ఉద్యమం ఎందుకు వచ్చింది? అప్పటికి 1857ను కేవలం సిపాయిల అలజడిగా కాక, స్వాతంత్ర్య పోరాటంగా చూసే దృష్టి బలపడింది. 1919 నాటి జలియన్‌వాలా బాగ్ కాల్పులు పాత అణచివేతలను మళ్ళీ గుర్తుకు తెచ్చాయి. సహాయ నిరాకరణోద్యమం ప్రజలకు బహిరంగ నిరసనను అలవాటు చేసింది.

వాలంటీర్లు సుత్తి, గొడ్డలి పట్టుకొని విగ్రహాన్ని కొట్టి, అరెస్టయి జైళ్ళకు వెళ్ళారు. అదే సంవత్సరం మద్రాసు వచ్చిన గాంధీజీ ఉద్యమ లక్ష్యాన్ని సమర్థించి, అహింసను ఖచ్చితంగా పాటించాలని షరతు పెట్టారు. ప్రభుత్వం మాత్రం దిగిరాలేదు. 1937లో రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడిన తరువాతనే విగ్రహాన్ని మద్రాసు మ్యూజియానికి తరలించారు. పదేళ్ళ క్రితం సుత్తి దెబ్బలతో సాధ్యం కానిది, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వ నిర్ణయంతో నెరవేరింది.

4. అన్ని విగ్రహాలూ ఒకటేనా?

మద్రాసులోనే 1839లో ప్రతిష్ఠించిన థామస్ మన్రో అశ్వారూఢ విగ్రహం నేటికీ ఉంది. దత్త మండలాల కలెక్టరుగా అతడు పాలెగాళ్ళను అణచివేశాడు, రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. 1827లో పత్తికొండలో కలరాతో మరణించాడు. ఇక గోదావరి డెల్టాలో ఆర్థర్ కాటన్ విగ్రహాలను రైతులే పూలమాలలతో గౌరవిస్తారు. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కరవుసీమను పంటసీమగా మార్చింది. అయితే అదే ఆనకట్ట కంపెనీ ప్రభుత్వానికి ఆదాయాన్నీ పెంచింది. కాబట్టి కాటన్ పట్ల కృతజ్ఞతను వలసపాలనపై అభిమానంగా భావించరాదు.

విగ్రహాన్ని పరిశీలించేటప్పుడు మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు నిలబెట్టారు? ఎప్పుడు? ఎవరి అనుభవాన్ని వదిలేశారు? ఇప్పుడు దానిని ఎవరు, ఎందుకు గౌరవిస్తున్నారు?

5. సారాంశం

విగ్రహం చరిత్రను పూర్తిగా చెప్పదు. ఒక కాలంలో అధికారం ఉన్నవారు ఎవరిని గౌరవించారో చెబుతుంది. నీల్ విగ్రహం రోడ్డు మీద నుంచి కదిలినా చరిత్ర చెరిగిపోలేదు. దానిని నిలబెట్టినవారితో పాటు, దానిని వద్దన్నవారూ చరిత్రలో చేరారు. గౌరవస్థానం నుంచి దించడం, జ్ఞాపకం నుంచి తుడిచివేయడం ఒకటి కావు. ఈ తేడాను గుర్తిస్తేనే ఇలాంటి వివాదాలపై మీరు సొంతంగా ఒక నిర్ణయానికి రాగలుగుతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నీల్ విగ్రహంపై ఉద్యమం 1927లోనే రావడానికి కారణాలేమిటి?
2. నీల్, కాటన్ విగ్రహాల పట్ల ప్రజల వైఖరిలోని తేడాను చర్చించండి.
3. మీ ప్రాంతంలోని ఒక విగ్రహాన్ని ఎంచుకొని, పై నాలుగు ప్రశ్నలకు సమాధానాలు రాయండి.